అభిప్రాయం ఉన్న పిల్లకు సీటు వస్తుందా?

(వార్షికోత్సవ సభలో సమాఖ్య విద్యా విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ సభలో విద్యా విభాగం తరఫున స్కాలర్‌షిప్పుల సంగతి, కాలేజీల సంగతి చెప్తూ వస్తున్నాం. ఈసారి వేరే సంగతి ఎత్తుకుంటున్నాం. కారణం ఏమిటంటే, గత ఏడాదిగా మన కుటుంబాల నుంచి మాకు పదేపదే వస్తున్న ప్రశ్న ఒకటే. "మా అమ్మాయి చేనేత మీద జీఎస్టీ గురించి ఫోనులో ఏదో రాసింది, రేపు దానికి సీటు పోతుందా?" "మా వాడు ధర్నాకు పోయి ఫోటో దిగాడు, ఎవరైనా చూస్తే?" "కాలేజీ ఇంటర్వ్యూలో ఏ పార్టీ అని అడిగితే ఏం చెప్పాలి?" అడిగేవాళ్ళు తల్లిదండ్రులు. పిల్లలు అడగడం లేదు. వాళ్ళు మాట్లాడడం మానేస్తున్నారు. మాకు బెంగ పుట్టించింది ఈ రెండోదే.

కాబట్టి భయానికి ఎక్కడ కారణం ఉంది, ఎక్కడ లేదు, ఒక్కొక్క మెట్టూ విడదీసి చూద్దాం.

మొదటిది, సీటు ఎక్కడ ఎలా నిర్ణయమవుతుందో తెలుసుకోవాలి. మన పిల్లల్లో నూటికి తొంభై మంది వెళ్ళే దారి మార్కుల దారే. తమిళనాడులో ఇంజనీరింగు సీటు పన్నెండో తరగతి మార్కుల మీద వస్తుంది. అక్కడ 2006 నాటి చట్టంతో ఎంట్రన్సు పరీక్షే ఎత్తేశారు. కర్ణాటకలో కేసీఈటీ, మహారాష్ట్రలో ఎంహెచ్‌టీ-సీఈటీ ఉన్నాయి. ఒడిశాలో ఇంజనీరింగుకు జేఈఈ మెయిన్ ర్యాంకు చూస్తారు. యానాం పిల్లలకు పుదుచ్చేరి వారి సెంటాక్ ఉంది. డాక్టరు చదువుకు దేశమంతటా నీట్. కేంద్ర విశ్వవిద్యాలయాల్లో డిగ్రీకి 2022 నుంచి సీయూఈటీ. వీటిలో దేనికైనా దరఖాస్తు తెరిచి చూడండి. పేరు, పుట్టిన తేదీ, మార్కులు, కేటగిరీ, నివాసం అడుగుతారు. నీ అభిప్రాయం ఏమిటి అనే గడి ఎక్కడా లేదు. కౌన్సెలింగులో సీటు ఇచ్చేది కంప్యూటరు. దానికి నువ్వు ఏ ఊరేగింపులో నడిచావో తెలియదు, తెలిసినా అక్కర్లేదు.

అంటే మార్కుల దారిలో వెళ్ళే పిల్లకు, రాజకీయ అభిప్రాయం వల్ల సీటు పోయే మార్గమే లేదు. ఈ ఒక్క ముక్క ఇంటికి తీసుకెళ్ళినా చాలు, సగం భయం తీరుతుంది.

రెండో రకం చోట్ల ఎదురుగా మనిషి కూర్చుంటాడు. ఐఐఎంలలో క్యాట్ తర్వాత వ్యాసం రాయిస్తారు, ఇంటర్వ్యూ చేస్తారు. పీహెచ్‌డీకి చాలా విశ్వవిద్యాలయాల్లో వైవా ఉంటుంది. కొన్ని ప్రైవేటు యూనివర్సిటీలు వ్యాసాలు అడుగుతాయి, మాట్లాడి చూస్తాయి. మనిషి ఉన్నచోట మనిషి ఇష్టాయిష్టాలు ఉంటాయి. ఉండవని చెప్తే అబద్ధం అవుతుంది.

ఈ సంగతి మన దేశపు పెద్ద కోర్టుకు కూడా తెలుసు. శ్రీనగర్ రీజనల్ ఇంజనీరింగు కాలేజీలో 150 మార్కుల్లో 50 ఇంటర్వ్యూకే పెట్టారు. రెండు మూడు నిమిషాల ఇంటర్వ్యూ, అందులో నీ తండ్రి ఎవరు, నీ ఊరేది అన్న ప్రశ్నలు. రాతపరీక్షలో ముందున్న పిల్లలు ఇంటర్వ్యూలో వెనకపడ్డారు. అజయ్ హాసియా కేసుగా పేరుపడిన ఆ తీర్పులో సుప్రీంకోర్టు మౌఖిక పరీక్షకు నూటికి 15 మార్కులు మించి పెట్టడం ఏకపక్షం అవుతుందని చెప్పింది. ఇంటర్వ్యూను టేపు మీద రికార్డు చేయడం మంచిదని కూడా చెప్పింది. ఇది 1980 నవంబరు మాట.

అయినా సమస్య పోలేదు. ఢిల్లీ జేఎన్‌యూలో వైవా మార్కులను పరిశీలించడానికి వేసిన అబ్దుల్ నఫే కమిటీ 2016లో, వైవాలో వెనకబడిన వర్గాల పిల్లలకు తక్కువ మార్కులు పడే తీరు కనిపిస్తోందని, వైవాను 30 మార్కుల నుంచి 15కు తగ్గించాలని సిఫారసు చేసింది. ఇక్కడ ఒక్క మాట గమనించండి. ఇంటర్వ్యూ గదిలో మన పిల్లకు ఎదురయ్యే అసలు ఇబ్బంది ఆమె ఏ పార్టీ అన్నది కాదు. ఆమె ఎవరి బిడ్డ, ఏ ఊరు, ఏ యాస అన్నదే. దాన్ని రాజకీయాల ఖాతాలో వేసి, మాట్లాడకుండా కూర్చుంటే తప్పించుకోవచ్చు అనుకుంటున్నాం. నోరు మూసుకున్నంత మాత్రాన ఆ ఇబ్బంది పోదు. పైగా మాట్లాడడం అలవాటు లేని పిల్లకే ఆ గదిలో ఎక్కువ నష్టం.

మన పిల్లలను తరచు అడిగే ప్రశ్న ఒకటి ఉంది. "రిజర్వేషన్ల మీద మీ అభిప్రాయం ఏమిటి?" మన బిడ్డ ఓబీసీ కోటాలో వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటుంది. ఆ ప్రశ్న ఆమెకు చురుక్కుమంటుంది. కొందరు తలొంచుకుంటారు, కొందరు కోపపడతారు, ఇంకొందరు అవతలివారికి నచ్చుతుందేమోనని "రిజర్వేషన్లు తీసేయాలండీ" అంటారు. మూడూ వద్దు. ముందు తెలిసిన సంగతి చెప్పాలి. కేంద్ర విద్యాసంస్థల్లో ఓబీసీలకు 27 శాతం సీట్లు 2006 చట్టంతో వచ్చాయి, 2008 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది, క్రీమీలేయరును మాత్రం మినహాయించమంది. తర్వాత తన అభిప్రాయం, దానికి కారణం. ఆ తర్వాత అవతలి వాదంలో ఉన్న బలం కూడా ఒకటి ఒప్పుకోవాలి. ఈ వరస తప్పకుండా చెప్పిన పిల్లను, అభిప్రాయం నచ్చని పెద్దమనిషి కూడా తోసిపుచ్చడం కష్టం. నచ్చేలా మాట మార్చిన పిల్ల మాత్రం రెండో ప్రశ్నకే దొరికిపోతుంది.

రాజకీయం వల్ల నిజంగా చదువు పోయిన రోజులు లేవా అంటే, ఉన్నాయి. 1938లో నిజాం రాజ్యంలో ఉస్మానియా విద్యార్థులు హాస్టళ్ళలో వందేమాతరం పాడారు. పాడొద్దన్నారు, వీళ్ళు వినలేదు. వందలమందిని బయటికి పంపేశారు. ఆ రాజ్యంలో వాళ్ళకు ఇక చదువు లేదు. అప్పుడు తలుపు తీసింది నాగపూర్ విశ్వవిద్యాలయం. ఆ పిల్లలను చేర్చుకుంది. తర్వాత దేశానికి ప్రధాని అయిన పి.వి. నరసింహారావు గారు అలా నాగపూర్ చేరినవారిలో ఒకరు. మహారాష్ట్రలో ఉంటున్న మన కుటుంబాలవారు ఈ కథ పిల్లలకు చెప్పాలి. ఒక చోట మూసిన తలుపు ఇంకో చోట తెరిచింది. కానీ ఆ తెరిచే చోటు ఉండబట్టే వాళ్ళు బతికారు, లేకపోతే ఎందరి చదువు అక్కడే ఆగిపోయేదో! ధైర్యం ఎంత నిజమో ఆ ఖరీదూ అంతే నిజం.

ఇప్పుడు మూడో మెట్టు, సీటు వచ్చిన తర్వాత. భయపడాల్సినంత కాకపోయినా జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. చేరే రోజున బోలెడు కాగితాల మీద సంతకం పెట్టిస్తారు. ర్యాగింగ్ చేయమన్న హామీపత్రం ఒకటి, అది మంచిదే. కొన్ని సంస్థల్లో దానితోపాటు ప్రవర్తనా నియమావళి అని ఇంకోటి ఉంటుంది. అందులో నిరసనలు, సభల మీద షరతులు ఉండవచ్చు. మనవాళ్ళు సీటు వచ్చిన సంతోషంలో చదవకుండానే సంతకం పెడతారు. చదవండి. ఒక నకలు ఇంట్లో పెట్టుకోండి.

ముంబైలోని టిస్ సంస్థ 2024 ఏప్రిల్‌లో ఒక దళిత పీహెచ్‌డీ విద్యార్థిని రెండేళ్ళు సస్పెండ్ చేసింది. ఢిల్లీలో విద్యార్థి సంఘాల ఊరేగింపులో సంస్థ పేరు వాడుకున్నాడన్నది ఆరోపణల్లో ఒకటి. బొంబాయి హైకోర్టు 2025 మార్చిలో సంస్థ పక్షాన తీర్పు ఇచ్చింది. సుప్రీంకోర్టు మేలో సస్పెన్షన్ కాలాన్ని కుదించి, చదువు పూర్తి చేసుకోనివ్వమంది. ఎవరిది ఒప్పు అని తేల్చడం ఈ వేదిక పని కాదు. మన పిల్లలు నేర్చుకోవాల్సింది ఇది: అభిప్రాయం నీది, సంస్థ పేరు నీది కాదు. బ్యానరు మీద సంస్థ పేరు పెట్టేముందు ఒక్కసారి ఆగాలి. చివరికి న్యాయం దొరికినా మధ్యలో పోయిన నెలలు తిరిగి రావు. మగ్గం మీద కూలి ఆగితే ఇల్లు గడవని కుటుంబానికి ఆ నెలల విలువ వేరే చెప్పక్కర్లేదు.

అలాగని కాలేజీలో ఎన్నికలు, సంఘాలు నిషిద్ధం కావు. లింగ్డో కమిటీ సిఫారసులను 2006లో సుప్రీంకోర్టు అమలు చేయమంది. అభ్యర్థి ఖర్చు 5000 రూపాయలు దాటకూడదు, క్రిమినల్ రికార్డు ఉండకూడదు, డిగ్రీ పిల్లలకు 17 నుంచి 22 ఏళ్ళ వయసు. అంటే విద్యార్థి రాజకీయం చట్టం ఒప్పుకున్న పనే. మనవాళ్ళ పిల్లలు పోటీ చేస్తే తప్పేమీ లేదు.

నాలుగోది పోలీసు కేసు. దయచేసి ఇది శ్రద్ధగా వినండి. అభిప్రాయం వేరు, కేసు వేరు. నినాదం ఇవ్వడం నేరం కాదు. కానీ గుంపులో రాయి ఎవరు విసిరినా ఎఫ్‌ఐఆర్‌లో పేర్లు వరసగా ఎక్కుతాయి. కోర్టులో క్రిమినల్ కేసు నడుస్తుంటే పాస్‌పోర్టుకు చిక్కు వస్తుంది, కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. సర్కారు ఉద్యోగానికి వెరిఫికేషన్ ఫారంలో కేసు సంగతి అడుగుతారు. అక్కడ మనవాళ్ళు చేసే పని ఏమిటంటే, చిన్న కేసే కదా, ఎందుకు రాయడం అని ఖాళీ వదిలేస్తారు. కేసు కన్నా ఆ దాచడమే పెద్ద దెబ్బ కొడుతుంది.

అవతార్ సింగ్ కేసులో 2016 జులైలో సుప్రీంకోర్టు దీని మీద వివరంగా చెప్పింది. అభ్యర్థి ఇచ్చే సమాచారం నిజమై ఉండాలి. అయితే చిన్న వయసులో నినాదాలు ఇచ్చినటువంటి చిన్న విషయమైతే, దాన్ని దాచినా, యజమాని తన విచక్షణతో పట్టించుకోకుండా వదిలేయవచ్చు అంది. చూడండి, దేశపు అత్యున్నత న్యాయస్థానమే కుర్రతనపు నినాదాన్ని క్షమించదగిన చిన్న విషయాల్లో చేర్చింది. కానీ అది "వదిలేయవచ్చు" మాత్రమే, "వదిలేయాలి" కాదు. అందుకని రాయండి. నిజం రాసి, కేసు ఏమైందో తీర్పు కాగితం జతచేయండి. మీ ఊళ్ళో వకీలు ఖర్చు భరించలేకపోతే జిల్లా న్యాయసేవా ప్రాధికార సంస్థలో అడగండి. ఆడవాళ్ళకు, పిల్లలకు, ఆదాయం తక్కువ ఉన్నవారికి అక్కడ ఉచితంగా వకీలును ఇస్తారు.

అయిదోది విదేశీ చదువు. మన ఇళ్ళ నుంచి కూడా ఇప్పుడు పిల్లలు అమెరికా పోతున్నారు. 2023-24లో అక్కడ చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. అక్కడ రెండు తలుపులు ఉన్నాయి, ఒకటి కాలేజీది, రెండోది సర్కారుది. రెంటినీ కలిపి చూడొద్దు.

కాలేజీ తలుపు దగ్గర అభిప్రాయం సాధారణంగా అడ్డు కాదు. 2018 ఫిబ్రవరిలో ఫ్లోరిడా బడిలో కాల్పుల తర్వాత పిల్లలు బడుల నుంచి బయటికొచ్చి నిరసన చేశారు. శాంతియుతంగా నిరసన చేసినందుకు బడి శిక్షించినా మేము అడ్మిషన్‌లో దాన్ని లెక్కలోకి తీసుకోమని ఎంఐటీతో సహా ఎన్నో విశ్వవిద్యాలయాలు ప్రకటించాయి. అదే సమయంలో, 2017లో హార్వర్డ్ కనీసం పదిమంది పిల్లలకు ఇచ్చిన సీటు వెనక్కి తీసుకుంది. వాళ్ళు ఒక ప్రైవేటు ఫేస్‌బుక్ గ్రూపులో జాతుల మీద, పసిపిల్లల మీద నీచమైన హాస్యపు బొమ్మలు పంచుకున్నారు. తేడా తెలుస్తోంది కదా? సర్కారును ప్రశ్నిస్తే సీటు పోలేదు. మనుషులను కించపరిస్తే పోయింది. పైగా ప్రైవేటు గ్రూపే. మన కులం వాట్సాప్ గ్రూపుల్లో వేరే కులం మీద, వేరే మతం మీద వచ్చే వాటిని పిల్లలు ముందుకు పంపుతుంటారు. అసలు ముందు పంపేది పెద్దలమే. అది రాజకీయ అభిప్రాయం కాదు. దాన్ని ఎవరూ మన హక్కుగా చెప్పుకోలేరు.

వీసా తలుపు దగ్గర మాత్రం కాలం మారింది. 2019 నుంచి వీసా ఫారంలో అయిదేళ్ళుగా వాడిన సోషల్ మీడియా ఖాతాల పేర్లు అడుగుతున్నారు. 2025 మే చివర్లో కొత్త విద్యార్థి వీసా ఇంటర్వ్యూలు ఇవ్వడం ఆపి, జూన్‌లో మళ్ళీ మొదలుపెట్టినప్పుడు, ఖాతాలన్నీ అందరికీ కనిపించేలా తెరిచి పెట్టమన్నారు. పాలస్తీనా విషయంలో రాసినందుకు, నిరసనల్లో పాల్గొన్నందుకు అక్కడ కొందరు విదేశీ విద్యార్థుల వీసాలు రద్దయ్యాయి. అదే వసంతకాలంలో వేలమంది విదేశీ విద్యార్థుల రికార్డులు ఒక్కసారిగా రద్దు చేశారు. వారిలో మన దేశపు పిల్లలూ ఉన్నారు. చాలామంది విషయంలో కారణం రాజకీయం కూడా కాదు, పాత ట్రాఫిక్ కేసులాంటి చిన్న పోలీసు రికార్డు. కోర్టుల్లో కేసులు పడ్డాక ఏప్రిల్ చివర్లో వాటిని తిరిగి పునరుద్ధరించారు.

కాబట్టి అమెరికా వీసాకు వెళ్ళే పిల్లలకు మా మాట సూటిగా ఉంటుంది. ఖాతా దాచొద్దు, అబద్ధం రాయొద్దు. దాచిన ఖాతా దొరికితే అభిప్రాయం కన్నా పెద్ద సమస్య అవుతుంది. ఇది న్యాయమా అంటే, వేరే దేశపు సర్కారు తన గడప దగ్గర పెట్టుకున్న షరతు అది. దాన్ని తెలుసుకుని పోవాలా వద్దా అన్నది ఆ పిల్ల తేల్చుకోవాలి, తల్లిదండ్రులు కూర్చుని ఆమెతో మాట్లాడాలి. ఆమె తరఫున ఫోను లాక్కుని రాసినవి తుడిచేయడం పరిష్కారం కాదు.

ఇంతసేపూ రాజకీయం గురించి చెప్పాం. మన పిల్లల సీట్లు నిజంగా ఎక్కడ పోతున్నాయో ఇప్పుడు చెప్తాం. కాగితాల దగ్గర పోతున్నాయి. మనం నాలుగైదు రాష్ట్రాల్లో ఉన్నాం. ఒక చోట పద్మశాలి, ఒక చోట పద్మసాలె, ఇంకో చోట ఉట్టి సాలె. దేవాంగ ఒక సర్టిఫికెట్టులో, దేవాంగర్ ఇంకోదానిలో. తాత పేరు మీద ఒకలా, తండ్రి పేరు మీద ఇంకోలా. రాష్ట్ర జాబితా వేరు, కేంద్ర ఓబీసీ జాబితా వేరు. కేంద్ర జాబితా కూడా రాష్ట్రాలవారీగా ఉంటుంది. రాష్ట్రపు సర్టిఫికెట్టు పట్టుకుని జేఈఈ కౌన్సెలింగుకు పోతే చెల్లదు, కేంద్ర నమూనాలో నాన్ క్రీమీలేయరు సర్టిఫికెట్టు కావాలి. అది కూడా ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత ఇచ్చినదై ఉండాలి. 8 లక్షల ఆదాయ పరిమితి 2017 నుంచి ఉన్నదే. ఇంత చిన్న సంగతి మీద మంచి ర్యాంకు వచ్చిన పిల్ల జనరల్ వరసలోకి పోతుంది. మే నెలలో తాసీల్దారు ఆఫీసు చుట్టూ తిరగడం మొదలుపెట్టే బదులు ఏప్రిల్ మొదటి వారంలోనే దరఖాస్తు పెట్టండి. ఇంకో మాట. జేఈఈ మెయిన్, నీట్ రెండూ 13 భాషల్లో రాయవచ్చు, వాటిలో తెలుగు ఉంది. ఇది తెలియని ఇళ్ళు మనలో ఇంకా ఉన్నాయి.

పిల్ల ఫోనులో రాసిన నాలుగు ముక్కల మీద మనం పడే బెంగలో నాలుగోవంతు ఈ కాగితాల మీద పడితే ఎన్నో సీట్లు నిలుస్తాయి.

చివరిగా పెద్దలకు ఒక మనవి. "నీకెందుకు రాజకీయాలు, చదువుకో" అని మనం అంటాం. కానీ మన బతుకు ఎప్పుడు రాజకీయం కాకుండా ఉంది? 2020 జులైలో అఖిల భారత చేనేత బోర్డును రద్దు చేశారు. బట్టల మీద జీఎస్టీ 5 నుంచి 12 శాతానికి పెంచుతామని, 2022 జనవరి 1 నుంచి అమలు అని చెప్పారు. దేశమంతా గొంతెత్తితే ముందురోజు ఆపారు. ఆ గొంతుల్లో చదువుకున్న పిల్లలు కూడా ఉన్నారు. నూలు ధర గురించి మాట్లాడిన పిల్లను రాజకీయం చేస్తోందని మనమే అంటే, మన తరఫున ఇంకెవరు మాట్లాడతారు? ప్రగడ కోటయ్య గారు చేనేత కోసం చట్టసభల్లో జీవితమంతా మాట్లాడారు. కొండా లక్ష్మణ్ బాపూజీ గారు లా చదివి, 1969లో తెలంగాణ కోసం మంత్రి పదవి వదిలేశారు. వాళ్ళ ఫోటోలకు ప్రతి సభలో దండ వేస్తాం. ఇంట్లో పిల్ల నోరు తెరిస్తే మాత్రం కసురుతాం. ఈ రెండూ పొసగవు.

పిల్లలకు మనం చెప్పాల్సింది "మాట్లాడకు" అని కాదు. తెలుసుకుని మాట్లాడమని చెప్పాలి. మనుషులను తిట్టకుండా, విషయం మీద మాట్లాడమని చెప్పాలి. రాయి పట్టిన గుంపు నుంచి పక్కకు రమ్మని చెప్పాలి. ఫారంలో అబద్ధం రాయొద్దని చెప్పాలి. సంతకం పెట్టేముందు చదవమని చెప్పాలి. ఇవి పాటించిన పిల్లకు మన దేశంలో అభిప్రాయం వల్ల సీటు పోదని మేము ధైర్యంగా చెప్తున్నాం. పోయిందన్న అనుమానం ఎక్కడైనా వస్తే, ఒంటరిగా కుమిలిపోకుండా సమాఖ్య విద్యా విభాగానికి చెప్పండి. కాగితాలు చూస్తాం, సమాచార హక్కు కింద మార్కులు అడుగుదాం, వకీలుతో మాట్లాడదాం. పడుగులో పోగు తెగితే మగ్గం వదిలి లేచిపోం కదా. ముడి వేసుకుని మళ్ళీ నేస్తాం.

వెనక వరుసల్లో ఉన్న పిల్లలూ, ఇప్పటిదాకా మీ గురించి మేమే మాట్లాడాం. మైకు ఇటు నుంచి మీ దగ్గరికి పంపిస్తున్నాం. ప్రశ్నలు అడగండి, మామీద అయినా సరే.